ఇంటికి తాళం వేసినా కరెంటు బిల్లు ఎందుకొస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు వైపు ఊళ్లలో తాళం వేసిన ఇళ్లు చాలా కనిపిస్తాయి. ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. భార్య పిల్లల చదువుల కోసం కరీంనగర్‌లో అద్దెకుంటుంది. ఊళ్లో ఇల్లు బతుకమ్మకో పెళ్లికో తెరుస్తారు. వెళ్లేటప్పుడు మెయిన్ ఆఫ్ చేస్తారు, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొంచెం తెరిచిపెడతారు. అయినా నెల తిరిగేసరికి గేటు సందులో బిల్లు కాగితం పడి ఉంటుంది. రీడింగ్ కదల్లేదు, యూనిట్లు సున్నా, కట్టాల్సింది మాత్రం సున్నా కాదు. ఒక్క బల్బు కూడా వెయ్యని ఇంటికి డబ్బులు దేనికని సెక్షన్ ఆఫీసుకెళ్లి అడిగేవాళ్లు ఉంటూనే ఉంటారు.

అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు వెతికితే తాళం వేసిన ఇంటి బిల్లే కాదు, మనుషులున్న ఇంటి బిల్లు కూడా అర్థమవుతుంది. ఎండాకాలంలో బిల్లు ఎందుకు ఒక్కసారిగా ఎగురుతుంది, పక్కింటికి జీరో బిల్లు వచ్చి మనకు వెయ్యి దాటడానికి ఒక్క యూనిట్ ఎలా చాలు, ఇలాంటివన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి.

పెళ్లి ఖర్చు లెక్క తెలిసినవాళ్లకు ఇది సులువుగానే అందుతుంది. ఫంక్షన్ హాలు అద్దె వేరు, భోజనం ప్లేటు లెక్క వేరు. ఐదొందల మంది వస్తారని పెద్ద హాలు బుక్ చేస్తే, వానపడి రెండొందల మందే వచ్చినా హాలు అద్దె తగ్గదు, ప్లేట్ల లెక్క తగ్గుతుంది. కరెంటు కూడా అంతే. మన ఇంటిదాకా తీగ వేసి, దాంట్లో ఇరవైనాలుగు గంటలూ కరెంటు ఉంచి, మనం ఎప్పుడు స్విచ్ వేసినా అందేలా సిద్ధంగా పెట్టడం హాలు అద్దె లాంటిది. వాడుకున్న యూనిట్లు ప్లేట్ల లాంటివి. విద్యుత్ చట్టం 2003లోని 45వ సెక్షన్ కూడా ఈ తేడాను ఒప్పుకుంది. వాడిన కరెంటు ధరతోపాటు స్థిర చార్జీ వేరుగా వసూలు చేసుకోవచ్చని అందులో ఉంది. ఎంత వసూలు చేయాలో తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి.

ఆ అద్దె దేనికన్నది వరంగల్ చుట్టుపక్కల కళ్లతో చూడొచ్చు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. అటు రామగుండంలో ఎన్‌టీపీసీ, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం ఉన్నాయి. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద టవర్ల మీదుగా వచ్చి, మెట్టు మెట్టుగా వోల్టేజీ తగ్గించుకుంటూ 33 కేవీకి (అంటే 33 వేల వోల్టులకు), ఊరి సబ్‌స్టేషన్‌లో 11 కేవీకి దిగి, గల్లీ మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దాకా వస్తుంది. ఇంట్లోకి వచ్చేసరికి 230 వోల్టులు. దారి పొడుగునా ఉన్న స్తంభాలు, ఇన్సులేటర్లు, బ్రేకర్లు, ఫ్యూజులు, వానలో నిచ్చెన పట్టుకుని పరిగెత్తే లైన్‌మన్ జీతం, ఏవీ మన మీటరు తిరగడాన్ని బట్టి పెరగవు, తగ్గవు. అర్ధరాత్రి గల్లీ అంతా నిద్రపోయాక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే సన్నగా గుయ్‌మని రొద వినిపిస్తుంది. ఎవరూ ఏమీ వాడకపోయినా తాను సిద్ధంగా ఉండటానికే అది కొంత కరెంటు తింటుంది.

మేడారం జాతర చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. రెండేళ్లకోసారి, మాఘ మాసంలో నాలుగు రోజులు, తాడ్వాయి అడవిలో ఒక మహానగరమంత జనం చేరతారు. ఆ నాలుగు రోజుల కోసం లైన్లు లాగుతారు, అదనంగా ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు, సిబ్బందిని రాత్రింబవళ్లు అక్కడే ఉంచుతారు. ఆ ఏర్పాటు ఖర్చును అక్కడ కాలిన యూనిట్లతో భాగిస్తే ఒక్కో యూనిట్ ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. మామూలు రోజుల్లో మొత్తం రాష్ట్రానిదీ ఇదే పరిస్థితి, కాకపోతే ఇంత కొట్టొచ్చినట్టు కనపడదు. తెలంగాణలో కరెంటు గిరాకీ 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. యాసంగి వరికి బోర్లు నడవాలి, ఎండలు ముదిరి కూలర్లు, ఏసీలు తిరగాలి, రెండూ ఒకేసారి పడతాయి. ఏడాదిలో కొద్ది రోజులే వచ్చే ఆ గిరాకీకి సరిపడా కేంద్రాలు, తీగలు ఏడాది పొడుగునా ఉండాల్సిందే.

విరిగినవి నిలబెట్టే ఖర్చు మరొకటి. 2023 జూలై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగినప్పుడు ఇళ్లతోపాటు కరెంటు స్తంభాలూ పోయాయి. అలాంటి చోట లైను మళ్లీ వేయడానికి కొత్త స్తంభాలు, కొత్త తీగ, మనుషులు కావాలి. ఆ నెల ఆ ఊళ్లో వాడిన యూనిట్లు చూస్తే దాదాపు ఏమీ ఉండవు.

ఇక బిల్లు కాగితం దగ్గరికి వద్దాం. రీడింగ్ తీసేవారి చేతిలోని చిన్న మెషీన్ నుంచి వచ్చే ఆ సన్నటి కాగితాన్ని చాలామంది చివరి అంకె మాత్రమే చూసి జేబులో పెట్టుకుంటారు. పైనుంచి చదివితే సర్వీస్ నంబరు, కాంట్రాక్టెడ్ లోడ్ (ఒకేసారి ఎంత కరెంటు లాగుతామని రాయించుకున్న లెక్క), గత రీడింగ్, ఇప్పటి రీడింగ్, వాటి తేదీలు ఉంటాయి. ఆ కింద నాలుగు వరుసలు ముఖ్యమైనవి: ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం. ఎనర్జీ చార్జీ యూనిట్ల లెక్క. ఫిక్స్‌డ్ చార్జీ మన ఇంటికి రాయించుకున్న లోడ్ మీద వేసేది, చాలా ఇళ్లకు కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. తెలంగాణలో ఇళ్లకు ఇది 2022 ఏప్రిల్ నుంచి మొదలైంది. కస్టమర్ చార్జీ రీడింగ్ తీయడం, బిల్లు ఇవ్వడం, ఖాతా నడపడం లాంటి పనులకని పేరు. సుంకం యూనిట్‌కు 6 పైసలు, అది ప్రభుత్వానికి పోతుంది. ఏసీడీ (అదనపు డిపాజిట్), పాత బకాయి, ఆలస్య రుసుము లాంటివి ఉంటే వేరేగా కనిపిస్తాయి.

హనుమకొండలో ఒక మధ్యతరగతి ఇంటిని తీసుకుందాం. లోడ్ 3 కిలోవాట్లు. మే నెలలో 240 యూనిట్లు కాలాయి. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున 1020 రూపాయలు, పైన 40 యూనిట్లు 7 రూపాయల 70 పైసల చొప్పున 308. ఫిక్స్‌డ్ చార్జీ 30, కస్టమర్ చార్జీ 100, సుంకం 14 రూపాయల 40 పైసలు. మొత్తం 1472 రూపాయల 40 పైసలు. అదే ఇల్లు డిసెంబరులో 95 యూనిట్లే వాడిందనుకుందాం. 50 యూనిట్లు 1.95 చొప్పున, 45 యూనిట్లు 3.10 చొప్పున కలిపి 237 రూపాయలు. ఫిక్స్‌డ్ 30, కస్టమర్ 70, సుంకం 5.70. మొత్తం 342 రూపాయల 70 పైసలు. వాడకం రెండున్నర రెట్లు పెరిగితే బిల్లు నాలుగు రెట్లకు పైగా పెరిగింది. అదే తీగ, అదే మీటరు, అవే ఫ్యాన్లు. డిసెంబరులో యూనిట్ సగటున 3 రూపాయల 60 పైసలు పడితే మేలో 6 రూపాయల 13 పైసలు పడింది.

ఇందులో తీగ కోసమని పేరు పెట్టి తీసుకున్నది ఎంత? మే బిల్లులో ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు కలిపి 130 రూపాయలు, అంటే వందకు తొమ్మిది రూపాయలు కూడా లేదు. కానీ అసలు ఖర్చులో స్థిరమైన భాగం అంత చిన్నదేం కాదు. డిస్కమ్, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, ఖర్చులో నాలుగింట మూడు వంతుల దాకా కరెంటు కొనడానికే పోతుందని, అదంతా వాడకాన్ని బట్టి మారే ఖర్చేనని అనిపించవచ్చు. అక్కడే ఒక మెలిక ఉంది. థర్మల్ కేంద్రానికి కట్టే డబ్బు కూడా రెండు ముక్కలుగానే ఉంటుంది. ఒకటి కేంద్రం కట్టిన అప్పు, వడ్డీ, తరుగు, సిబ్బంది ఖర్చుల కోసం. కేంద్రం నడవడానికి సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా అది కట్టాలి. రెండోది కాల్చిన బొగ్గు ఖర్చు. చెల్పూరు బాయిలర్‌లో ఒక టన్ను బొగ్గు తక్కువ కాలితే రెండో ముక్క తగ్గుతుంది, మొదటిది తగ్గదు. అంటే మన బిల్లులో 'ఎనర్జీ చార్జీ' అని రాసున్న వరుసలోనే కేంద్రాల అద్దె, టవర్ల అద్దె, సబ్‌స్టేషన్ల అద్దె దాగి ఉన్నాయి. ప్లేటు ధరలోనే హాలు అద్దె కలిపేసి తీసుకుంటున్నారన్నమాట.

అలా కలపడం తప్పా? ఈ వ్యాసం దృష్టిలో కాదు. స్థిర ఖర్చంతా స్థిర చార్జీగానే వేస్తే ఒక ఫ్యాన్, రెండు బల్బులు, ఒక టీవీ ఉన్న ఇల్లు, మూడు ఏసీలున్న ఇల్లు దాదాపు ఒకే మొత్తంతో మొదలుపెట్టాల్సి వస్తుంది. రోజు కూలితో బతికే ఇంటికి అది మోయలేని భారం. అందుకే చిన్న ఇంటికి యూనిట్ 1.95కు ఇస్తున్నారు. డిస్కమ్‌కు సగటున యూనిట్ మీద అయ్యే ఖర్చు ఏడు రూపాయల చుట్టుపక్కల ఉంటే, ఆ చిన్న ఇంటికి ఇచ్చే యూనిట్ మీద పడే లోటును ఎక్కువ వాడేవాళ్లు, షాపులు, పరిశ్రమలు, ప్రభుత్వ సబ్సిడీ పూడుస్తాయి. చాలా ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలుంటే, ఎక్కువ వోల్టేజీ లైను నుంచి కరెంటు తీసుకునే హెచ్‌టీ పరిశ్రమలకు కేవీఏకు (కిలోవాట్ లాంటిదే, లోడ్ కొలత) నాలుగు వందలు దాటి ఉంది. ఇది కావాలని చేసిన ఏర్పాటు, చేయదగిన ఏర్పాటు కూడా.

అభ్యంతరం వేరేచోట ఉంది. కస్టమర్ చార్జీనే చూడండి. మీటరు దగ్గరికొచ్చి రీడింగ్ తీసి కాగితం ఇవ్వడానికి 45 యూనిట్ల ఇంటి దగ్గరైనా, 450 యూనిట్ల ఇంటి దగ్గరైనా అదే నిమిషం పడుతుంది, అదే కాగితం అవుతుంది. కానీ 50 యూనిట్ల లోపు ఇంటికి ఈ చార్జీ 40 రూపాయలు, వంద దాకా 70, రెండొందల దాకా 90, ఆపైన 100 నుంచి 160 వరకు పోతుంది. పేరు కస్టమర్ చార్జీ, పని చేసేది మాత్రం వాడకం మెట్టును బట్టి మారే స్లాబు రేటులా. ఎక్కువ వాడేవారి దగ్గర ఎక్కువ తీసుకోవాలనుకుంటే ఆ మాట యూనిట్ రేటులోనే చెప్పొచ్చు. ఇలా వేరే పేరుతో తీసుకుంటే బిల్లు చదివే మనిషికి ఏది దేనికో ఎప్పటికీ తెలియదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది స్లాబుల అంచుల దగ్గర ఉంది. తెలంగాణ ఇళ్ల రేట్లలో మూడు గుంపులున్నాయి: నెలకు వంద లోపు, వంద నుంచి రెండొందల దాకా, రెండొందలు దాటినవి. ఒక గుంపు దాటితే పైన వాడిన యూనిట్‌కే కాదు, కింద వాడిన యూనిట్లన్నిటికీ కొత్త రేటు పడుతుంది. సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 వాడితే 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. కస్టమర్ చార్జీ కూడా 90 నుంచి 100కు పోతుంది కాబట్టి మరో పది. వంద దగ్గరా ఇదే కథ, కొంచెం చిన్నది: 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు, 101కి 344 రూపాయల 80 పైసలు.

గృహజ్యోతి వచ్చాక రెండొందల దగ్గరున్న ఆ గట్టు గోడ అయింది. తెల్ల రేషన్ కార్డున్న, దరఖాస్తు చేసుకున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు 2024 మార్చి నుంచి ఇస్తున్నారు. ఎన్నో లక్షల ఇళ్లకు అది నిజమైన ఊరట, అందులో అనుమానం లేదు. కానీ 200 దాటితే మొదటి 200 కూడా ఉచితం కాదు, మొత్తం కట్టాలి. 2 కిలోవాట్ల లోడున్న ఇల్లు 200 యూనిట్ల దగ్గర ఆగితే సున్నా. 201 అయితే ఎనర్జీ చార్జీ 1027.70, ఫిక్స్‌డ్ 20, కస్టమర్ 100, సుంకం 12.06 కలిపి 1159 రూపాయల 76 పైసలు. ఒక ఇస్త్రీ పెట్టె గంటసేపు వాడితే కాలేది ఒక యూనిట్. ఆ గంటకు ఒక ఇల్లు పదకొండు వందల అరవై రూపాయలు కట్టాల్సి వస్తోంది. మే నెలాఖరుకు ఇంట్లో ఆడవాళ్లు కూలర్ ఆపుతూ, వేస్తూ టెన్షన్ పడేది ఈ గోడ గురించే. ముసలివాళ్లు, చిన్నపిల్లలున్న ఇంట్లో, బయట 44 డిగ్రీలున్న మధ్యాహ్నం కూలర్ ఆపాలా వద్దా అని లెక్కలేసుకునే పరిస్థితి ఒక మంచి పథకం వల్ల రాకూడదు. రెండొందలు దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే, లేదంటే మెల్లగా పెరిగేలా వసూలు చేసే పద్ధతి పెట్టడం లెక్కకు కష్టం కాదు, సబ్సిడీ భారం కొంత పెరుగుతుంది అంతే.

గుంపులు తీసేయడం జరగని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్ 2022లో ఏ, బీ, సీ గ్రూపులు ఎత్తేసి అందరికీ ఒకే వరుస స్లాబులు పెట్టింది. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, ఆపైన 4.50, 6, 8.75, 9.75 అలా మెట్లు మెట్లుగా. రేట్లు తక్కువేం కాదు, తక్కువ వాడేవారిలో కొందరికి అప్పుడు భారం పెరిగింది కూడా. కానీ ఒక మెట్టు ఎక్కినవారికి ఆ మెట్టు మీది యూనిట్లకే ఆ రేటు. ఒక్క యూనిట్ వల్ల రెండొందల రూపాయలు ఎగరడం అక్కడ ఉండదు.

గోడ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు రీడింగ్ తేదీకి ప్రాణం వస్తుంది. ఒక నెల రీడింగ్ 33 రోజులకు తీశారనుకుందాం, 212 యూనిట్లు వచ్చాయి. రోజుకు 6.42 యూనిట్లు, 30 రోజులకు 193 యూనిట్ల లోపే. అంటే ఆ ఇల్లు నెలకు రెండొందలు దాటలేదు, రీడింగ్ దాటించింది. 2020 లాక్‌డౌన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. రీడింగ్‌లు ఆపేసి, అంతకుముందు ఏడాది అదే నెల బిల్లు ప్రకారం కట్టమన్నారు. జూన్‌లో కొన్ని నెలల రీడింగ్ ఒకేసారి తీసేసరికి స్లాబు మారిపోయిందని ఇంటింటా గొడవ అయింది. నెలలకు సగటు వేసే లెక్క కట్టామని డిస్కమ్‌లు చెప్పాయి. కాబట్టి బిల్లు రాగానే చివరి అంకె కంటే ముందు రెండు తేదీలు చూసి మధ్య రోజులు లెక్కపెట్టడం మంచిది. ముప్పై దాటి, యూనిట్లు వందకో రెండొందలకో కొంచెం పైన ఉంటే బిల్లుల లెక్కలు చూసే ఈఆర్‌ఓ ఆఫీసుకు బిల్లు పట్టుకెళ్లి రోజుల లెక్కన స్లాబు ఎలా వేశారో అడగాలి. అక్కడ తేలకపోతే 1912కు ఫిర్యాదు, ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వేదికకు వెళ్లడానికి లాయరు అక్కర్లేదు.

మీటరు మీద అనుమానముంటే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు ముందు భాగంలో ఒక ఎర్ర లైటు టిక్కు టిక్కుమని వెలిగి ఆరుతుంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్నిసార్లు వెలగాలో అంకె ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. ఇంట్లో అన్నీ ఆపి, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టి, ఎర్రగా కాగుతున్న నిమిషంలో లైటు లెక్కపెడితే 53 సార్లు వెలగాలి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, డెబ్బయి దాకా పోతే మీటరు టెస్టింగ్‌కు పెట్టమని రాసివ్వాలి. ఇస్త్రీ పెట్టె కూడా తీసేశాక లైటు ఇంకా కొడుతూనే ఉంటే ఎక్కడో మరచిన స్విచ్ ఉంది, లేదా వైరింగ్‌లో కరెంటు కారుతోంది. అలాంటి లీకేజీ బిల్లుకే కాదు, వానాకాలంలో ప్రాణానికీ ప్రమాదం, ఎలక్ట్రీషియన్‌ను పిలవడం ఆలస్యం చేయకూడదు.

అదే మీటరు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకుంటుంది: నెలలో ఒకేసారి ఎక్కువగా లాగిన లోడ్ ఎంత అని. ఒక కిలోవాట్ రాయించుకున్న ఇంట్లో ఏసీ, గీజరు, మోటారు ఒకే సమయంలో నడిస్తే అది రికార్డవుతుంది. లోడ్ పెంచుకోమని నోటీసు వచ్చేది అప్పుడే. గల్లీలో ఇళ్లన్నీ తక్కువ లోడ్ రాయించుకుని ఏసీలు పెట్టుకుంటే, ఆ లెక్క ప్రకారం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఏప్రిల్ రాత్రుల్లో మోయలేక కాలిపోతుంది. అప్పుడు చీకట్లో కూర్చునేది అందరూ. ఈ ఒక్క విషయంలో తప్పు వినియోగదారుల వైపే ఎక్కువ.

'స్తంభానికి డబ్బులు కట్టాం, డెవలప్‌మెంట్ చార్జీ కట్టాం, డిపాజిట్ కట్టాం, మళ్లీ నెలనెలా ఈ ఫిక్స్‌డ్ ఏంటి?' అని కొత్త ఇల్లు కట్టినవాళ్లు అడుగుతారు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు తీసుకునేది మన ఇంటి కోసం లైను పొడిగించడానికి ఒక్కసారి అయ్యే ఖర్చు. నెలనెలా తీసుకునేది ఆ లైను నడిపే ఖర్చు. డిపాజిట్ మాత్రం వేరే రకం, అది చార్జీ కానే కాదు, మన డబ్బే. బిల్లు కట్టకుండా పోతే భద్రత కోసం సుమారు రెండు నెలల బిల్లు మొత్తం వాళ్ల దగ్గర ఉంటుంది. వాడకం పెరిగితే తేడా అడుగుతారు, ఏసీడీ అంటే అదే. 2023 జనవరి బిల్లుల్లో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఏసీడీ బకాయిలు కలిసి వచ్చినప్పుడు జనం రోడ్డెక్కారు. కట్టమనడం చట్టంలో ఉన్నదే అయినా, ముందుగా చెప్పకుండా బిల్లులో ఒక వరుసగా కలిపి పంపితే ఎవరికైనా అదనపు బాదుడులాగే కనిపిస్తుంది. ఆ డిపాజిట్ మీద బ్యాంకు రేటుకు తగ్గకుండా వడ్డీ ఇవ్వాలని విద్యుత్ చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఏడాదికోసారి ఆ వడ్డీ బిల్లులో తగ్గించారో లేదో చూసుకునే ఇల్లు వందలో ఒకటైనా ఉంటుందా అన్నది అనుమానమే.

హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర డిస్కమ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పాత వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలు దాని కిందికొస్తాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్నన్ని పరిశ్రమలు, ఐటీ ఆఫీసులు, మాల్స్ ఇక్కడ లేవు. పొలాలకు 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు ఉంది, దాని సొమ్ము ప్రభుత్వం నుంచి రావాలి. అంటే ఎక్కువ రేటు కట్టేవాళ్లు తక్కువ, ఊరూరికీ పొలం పొలానికీ లాగిన తీగ మాత్రం పొడుగు. ఇక్కడ ఒక యూనిట్ చేరవేయడానికి అయ్యే ఖర్చు దక్షిణ డిస్కమ్ కంటే ఎక్కువే ఉంటుంది, అయినా ఇళ్ల రేట్లు రాష్ట్రమంతా ఒకటే. సిరిసిల్లలో 1970 నుంచి నడుస్తున్న సహకార విద్యుత్ సంఘం, సెస్, పరిధిలోని మరమగ్గాల కార్మికుడి ఇల్లు కూడా అదే రేటు కడుతుంది. సబ్సిడీ సొమ్ము ముందుగానే డిస్కమ్‌కు చేరాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ అంటోంది. అది సమయానికి చేరకపోతే లోటు అప్పుగా మారుతుంది, అప్పుకు వడ్డీ పుడుతుంది, ఆ వడ్డీ కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి యూనిట్ ధరలోకి చేరుతుంది.

ఇప్పుడు ఇళ్ల మీద సోలార్ పలకలు పెరుగుతున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుండటంతో హనుమకొండ, కరీంనగర్ కాలనీల్లో డాబాల మీద అవి మెరుస్తున్నాయి. పగలు మిగిలిన యూనిట్లు లైనులోకి పోతాయి, రాత్రి లైను నుంచి తిరిగి వస్తాయి, నెట్ మీటరు తేడా మాత్రమే లెక్కిస్తుంది. కొన్ని నెలల్లో యూనిట్ల బిల్లు దాదాపు ఏమీ రాకపోయినా ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు ఉంటాయి. ఆ ఇంటికి రాత్రంతా కరెంటు ఇచ్చేది అదే తీగ, అదే ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి అవి ఉండాలి. తీగ ఖర్చంతా యూనిట్ ధరలో దాచిన పద్ధతికి ఇక్కడ చిక్కు మొదలవుతుంది. డాబా, పెట్టుబడి ఉన్న ఇల్లు యూనిట్లు కొనడం మానేస్తే, ఆ ఇల్లు మోసిన తీగ ఖర్చు డాబా లేని అద్దె ఇళ్ల యూనిట్ల మీదికి జరుగుతుంది.

డిస్కమ్‌లు ఈ చిక్కును ఎటు నుంచి విప్పాలనుకుంటున్నాయో 2024లోనే తెలిసింది. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు 10 నుంచి 50 రూపాయలకు పెంచమని నియంత్రణ మండలిని అడిగాయి. మండలి దాన్ని 800 యూనిట్లు దాటిన ఇళ్లకు మాత్రమే ఒప్పుకుంది, అది 2024 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మన హనుమకొండ ఇంటి మే బిల్లు 240 యూనిట్లది కాబట్టి ఆ ప్రతిపాదన యథాతథంగా పాసైనా దానికి తగిలేది కాదు. ఏసీ ఒకటి పెట్టుకుని 310కి చేరి ఉంటే ఫిక్స్‌డ్ చార్జీ 30కి బదులు 150 అయ్యేది. డిస్కమ్‌లు రేట్ల ప్రతిపాదనలు పెట్టినప్పుడు వాటిని జనం ముందు ఉంచుతారు, రాతపూర్వకంగా అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ పెడతారు. హనుమకొండలోనూ అలాంటి విచారణలు జరిగాయి. అక్కడ రైతు సంఘాలవాళ్లు, పరిశ్రమలవాళ్లు మాట్లాడినంతగా ఇళ్ల బిల్లులు కట్టేవాళ్లు మాట్లాడటం లేదు. 201వ యూనిట్ గురించి అడగాల్సిన చోటు సెక్షన్ ఆఫీసు కిటికీ కాదు, ఆ విచారణ హాలు.